ఇంగో మౌరర్ దీపరూపకల్పన: వృత్తి, ఉత్పత్తి, ప్రజాస్థలం – ఉప్పల్, నాచారం ప్రాంతానికి అన్వయం

వ్యాససంగ్రహం:

జర్మన్ దీపరూపకర్త ఇంగో మౌరర్ (1932–2019) తాను ఊహించిన దీపాలను సొంత సంస్థలోనే తయారు చేయించి, అదే పేరుతో విక్రయించారు. రూపకల్పన, ఉత్పత్తి ఒకే చోట ఉండటమే ఆయన ప్రయోగాలకు ఆధారమైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆయన ప్రధాన రచనలను కాంతిజనకాల మార్పుతో కలిపి పరిశీలించి, ఆ అనుభవం నుంచి తూర్పు హైదరాబాదులోని ఉప్పల్, నాచారం ప్రాంతానికి వర్తించే ప్రశ్నలను చివర చర్చిస్తుంది.

కీలకపదాలు: దీపరూపకల్పన, ఇంగో మౌరర్, హాలోజన్, ఎల్.ఇ.డి., మెట్రో స్టేషన్, నాచారం.

1. ఉపోద్ఘాతం:

దీపాన్ని గురించిన ఆలోచన నేడు ఎక్కువగా విద్యుత్తు పొదుపు చుట్టూ తిరుగుతోంది. ఎన్ని వాట్లు ఖర్చయ్యాయి, ఎంత వెలుగు వచ్చింది అన్న లెక్క అవసరమైనదే. అయితే ఆ వెలుగు కింద మనిషి ముఖం ఎలా కనిపిస్తుంది, నీడ ఎక్కడ పడుతుంది, కంటికి ఎంత శ్రమ కలుగుతుంది అన్న ప్రశ్నలకు ఆ లెక్కలో చోటు లేదు. ఐదు దశాబ్దాలకు పైగా ఈ రెండో కోవ ప్రశ్నలపై పనిచేసిన వ్యక్తి ఇంగో మౌరర్. ఆయనను కళాకారుడిగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. ఆయన పారిశ్రామికుడు కూడా.

2. తొలి జీవితం – సంస్థ స్థాపన:

మౌరర్ 1932లో దక్షిణ జర్మనీలోని కాన్‌స్టాన్స్ సరస్సులో ఉన్న రైఖెనావ్ ద్వీపంలో జన్మించారు. తండ్రి చేపలు పట్టే వృత్తిలో ఉండేవారు. మౌరర్ మొదట అచ్చు అక్షరాల కూర్పులో శిక్షణ పొంది, తర్వాత మ్యూనిక్‌లో గ్రాఫిక్ రూపకల్పన అభ్యసించారు. 1960 నుంచి 1963 వరకు అమెరికాలో స్వతంత్ర రూపకర్తగా పనిచేశారు. దీపాల తయారీలో గానీ, విద్యుత్ ఇంజనీరింగులో గానీ ఆయనకు లాంఛనమైన చదువు లేదు.

1966లో మ్యూనిక్‌లో ‘డిజైన్ ఎం’ అనే సంస్థను స్థాపించారు. అదే తర్వాత ఆయన పేరుతో ప్రసిద్ధమైంది. ఆ ఏడాదే ‘బల్బ్’ అనే దీపం వెలువడింది. వెనిస్‌లోని ఒక బసలో పడుకొని, పైన వేలాడే మామూలు బల్బును చూస్తుండగా ఈ ఊహ కలిగిందని ఆయన చెప్పేవారు. బల్బు ఆకారంలోనే ఉన్న పెద్ద గాజు బుడ్డిలో నిజమైన బల్బు వెలుగుతుంది. అప్పటి వరకు గాజు డోములు, బట్ట తొడుగులు బల్బును దాచేవి. మౌరర్ దాచవలసిన దానినే అలంకారంగా నిలబెట్టారు. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం ఈ దీపాన్ని తన సేకరణలో చేర్చుకుంది.

1970లలో వచ్చిన ‘ఉచివా’ దీపాలు మరో దారి చూపాయి. వెదురు, కాగితంతో చేసిన జపాను విసనకర్రలను గోడకు, కప్పుకు అమర్చి వాటి వెనుక నుంచి కాంతిని ప్రసరింపజేశారు. హస్తకళావస్తువును దీపంగా మలచడం ఇక్కడి విశేషం.

3. హాలోజన్ – ‘యాయాహో’ (1984):

సాధారణ ఫిలమెంటు బల్బు తీసుకునే విద్యుత్తులో కాంతిగా మారేది సుమారు పదో వంతుకు మించదు. మిగిలినది వేడిగా పోతుంది. హాలోజన్ బల్బులో ఫిలమెంటు నుంచి ఆవిరైన టంగ్‌స్టన్, హాలోజన్ వాయువు సహాయంతో తిరిగి ఫిలమెంటును చేరుతుంది. అందువల్ల గాజు నల్లబడదు, బల్బును వేలి కొనంత చిన్నదిగా చేయవచ్చు.

ఈ లక్షణమే ‘యాయాహో’కు ఆధారం. గదికి అడ్డంగా, సమాంతరంగా లాగి కట్టిన రెండు సన్నని తీగల మీద చిన్న హాలోజన్ దీపాలను వేలాడదీయడం ఇందులోని పద్ధతి. ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా 230 వోల్టులను 12 వోల్టులకు తగ్గించడంతో తొడుగు లేని తీగను తాకినా ప్రమాదం ఉండదు. గృహస్థుడు దీపాలను తానే జరుపుకోవచ్చు.

సులువుగా కనిపించే ఈ అమరికలో సాంకేతిక క్లిష్టత ఉంది. 200 వాట్ల భారానికి 230 వోల్టుల వద్ద ఒక ఆంపియరు కన్నా తక్కువ ప్రవాహం చాలు. 12 వోల్టుల వద్ద అదే భారానికి సుమారు 17 ఆంపియర్లు కావాలి. కొక్కెం వదులైతే ఆ చోట వేడెక్కుతుంది. కాబట్టి ప్రతి కొక్కేన్ని, ప్రతి బరువును చేసి చూసి, మళ్లీ మార్చవలసి ఉంటుంది. కాగితం మీద బొమ్మ గీసి బయటి కర్మాగారానికి పంపే రూపకర్తకు ఇటువంటి పని కష్టసాధ్యం. సొంత పనివారు, సొంత పనిశాల ఉండటం మౌరర్‌కు ఇక్కడే ఉపకరించింది. ఈ పద్ధతిని తర్వాత అనేక సంస్థలు అనుకరించాయి.

4. చమత్కారం – విమర్శ:

1992 నాటి ‘లూచెల్లీనో’లో బల్బుకు బాతు ఈకల రెక్కలు ఉంటాయి. ఇటాలియన్ భాషలో వెలుగు, చిన్న పక్షి అనే రెండు పదాలు ఆ పేరులో కలిశాయి. 1994 నాటి ‘పోర్కా మిజేరియా’ పగిలిన పింగాణీ ముక్కలతో, పేలుడు గాలిలో ఆగిపోయినట్లు ఉంటుంది. 1997 నాటి ‘జెట్టెల్జ్’లో ఉక్కు తీగల చివర కాగితాలు వేలాడుతాయి. వాటిలో కొన్ని ఖాళీవి. కొన్నవారు వాటిపై తమకు నచ్చినది రాసుకోవచ్చు.

2009 సెప్టెంబరు నుంచి ఐరోపా సమాఖ్య ఫిలమెంటు బల్బులను దశలవారీగా తొలగించింది. మసకగాజు బల్బులను మొదటే నిషేధించి, తక్కువ వాట్ల పారదర్శక బల్బులను మరికొంత కాలం అనుమతించింది. మౌరర్ పారదర్శక బల్బుకు తొడిగే సిలికాన్ తొడుగును విడుదల చేసి, దానికి ‘యూరో కాండమ్’ అని పేరు పెట్టారు. తొడుగు వేయగానే అనుమతి ఉన్న బల్బు నిషేధించిన బల్బులా వెలుగుతుంది.

దీనిని నూతన సాంకేతికతపై వ్యతిరేకతగా భావించరాదు. ఆయన 2001లోనే ఎల్.ఇ.డి. బల్ల దీపాన్ని, 2008లో ఒ.ఎల్.ఇ.డి. దీపాన్ని రూపొందించారు. ఆయన అభ్యంతరం ఎల్.ఇ.డి. మీద కాదు, కాంతి గుణాన్ని పక్కనబెట్టి పొదుపు ఒక్కటే కొలమానం కావడం మీద.

5. ప్రజాస్థలంలో కాంతి:

చేతిపనితో పరిమిత సంఖ్యలో తయారయ్యే ఈ దీపాలు సంపన్నుల ఇళ్లకే చేరుతాయన్న విమర్శ సహేతుకమే. దీనికి సమాధానం మ్యూనిక్ భూగర్భ రైలు స్టేషన్లలో కనిపిస్తుంది. 1998లో ప్రారంభమైన వెస్ట్‌ఫ్రీడ్‌హోఫ్ స్టేషన్‌లో 3.8 మీటర్ల వ్యాసం గల 11 డోము దీపాలు ఉన్నాయి. వాటి లోపలి భాగం ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో ఉంటుంది. గరుకైన గోడలను కప్పివేయకుండా వాటిపై నీలికాంతి పరిచారు. ప్లాట్‌ఫారమంతా ఒకే తీరు వెలుగు నింపే అలవాటు ఇక్కడ లేదు. వెలుగు వలయాలు, వాటి నడుమ కొంత మసక వరుసగా వస్తాయి. 2009లో మ్యూన్షనర్ ఫ్రైహైట్ స్టేషన్‌ను అద్దాల కప్పుతో, నీలం, పసుపు రంగులతో పునరుద్ధరించారు. టికెట్టు కొన్న ప్రతి ప్రయాణికుడికీ ఈ దీపకళ అందుతుంది.

6. ఉప్పల్, నాచారం ప్రాంతానికి అన్వయం:

ఈ వృత్తిజీవితం తూర్పు హైదరాబాదుకు రెండు ప్రశ్నలను అందిస్తుంది.

మొదటిది ప్రజాస్థలానికి సంబంధించినది. 2017 నవంబరులో మెట్రో ప్రారంభమైన నాటి నుంచి ఉప్పల్, స్టేడియం, ఎన్.జి.ఆర్.ఐ., హబ్సిగూడ స్టేషన్లు ఈ ప్రాంత దినచర్యలో భాగమయ్యాయి. 2023లో ఉప్పల్ కూడలిపై పాదచారుల ఆకాశ వంతెన వచ్చింది. మ్యూనిక్ స్టేషన్లు భూగర్భంలో ఉంటే ఇవి స్తంభాల మీద ఉన్నాయి. కాబట్టి సమస్య వేరు. ప్లాట్‌ఫారానికి పగటి వెలుగు సహజంగా అందుతుంది, నీడ పడేది కింది రహదారి మీద. రాత్రివేళ ఆ నీడలో నడిచే వ్యక్తికి ఎదుటివారి ముఖం స్పష్టంగా కనిపించడం భద్రతకు సంబంధించిన విషయం. వీధిదీపాలు ఎల్.ఇ.డి.కి మారిన తర్వాత పొదుపుతోపాటు కాంతి రంగు, కంటిలో పడే జిగేలు, నీడల హద్దులు కూడా పరిశోధనాంశాలు కావాలి.

రెండోది ఉత్పత్తికి సంబంధించినది. నాచారం పారిశ్రామికవాడలో, పక్కనున్న మల్లాపూర్‌లో చిన్న, మధ్యతరహా పరిశ్రమలు ఉన్నాయి. ఇతరులు ఇచ్చిన డ్రాయింగు ప్రకారం విడిభాగం చేసి ఇచ్చే జాబ్‌వర్క్‌లో నైపుణ్యం పనివాడిది, వస్తువు మీది పేరు మరొకరిది. మౌరర్ రూపకర్తను పనిశాలలోకి తెచ్చి ఈ దూరాన్ని తగ్గించారు. ఆయన మార్గాన్ని యథాతథంగా ఇక్కడికి తేలేము. అది చిన్న సంఖ్యలో ఉత్పత్తి, ఎక్కువ ధర, అంతర్జాతీయ విపణి మీద నిలిచినది. కానీ రూపకల్పన విద్యార్థి లేతు ముందు, వెల్డింగు బల్ల ముందు కొంతకాలం పనిచేసే ఏర్పాటుకు అంత పెట్టుబడి అక్కరలేదు.

7. ముగింపు:

మౌరర్ 2019 అక్టోబరులో మ్యూనిక్‌లో మరణించారు. 2022లో ఆయన సంస్థలో అధిక వాటా ఇటలీకి చెందిన ఫోస్కారిని సంస్థకు చేరింది. స్థాపకుడి వ్యక్తిత్వం మీద నిలిచిన సంస్థలకు ఉండే పరిమితిని ఈ పరిణామం సూచిస్తుంది. ఫిలమెంటు, హాలోజన్, ఎల్.ఇ.డి., ఒ.ఎల్.ఇ.డి. అనే నాలుగు కాంతిజనకాలతోనూ ఆయన పనిచేశారు. కాంతిజనకం మారినా, వెలుగు మనిషికి ఏమి చేస్తుందన్న ఆయన ప్రశ్న మారలేదు. ఆ ప్రశ్నను ఉప్పల్ కూడలిలోనూ, నాచారం పనిశాలలోనూ క్షేత్రపరిశీలనతో అడగవలసిన అవసరం ఉంది.