కడుపులో మొదటి కదలిక

కామారెడ్డి జిల్లా కొసన, మహారాష్ట్ర సరిహద్దు దాపున ఉంటుంది డోంగ్లి. మూడు భాషలు కలిసే సీమ అది. సూది వేయించిన బర్రె గురించి తెలుగువాళ్ళు ‘సూడి కట్టిందా?’ అంటారు. అదే మాటకు మరాఠీలో ‘గాభణ్’, కన్నడంలో ‘గబ్బ’. ఆ రెండూ ‘గర్భం’ నుంచి పుట్టినవే. ఏ భాషలో అడిగినా రైతుకు కావలసిన జవాబు ఒక్కటే: కట్టిందా, లేదా?

ఆ జవాబు చాలాకాలం పశువైద్యుడి వేళ్ళ నుంచే వచ్చింది. భుజం దాకా తొడుగు వేసుకుని, పేడ తీసి, లోపలికి చెయ్యి పెట్టి గర్భసంచిని తడిమి చెప్పేవారు. అనుభవం ఉన్న చెయ్యి గొప్పదే. కానీ రెండు నెలలు దాటితే తప్ప అది ధైర్యంగా చెప్పలేదు. బర్రెకు ఎద చక్రం సుమారు 21 రోజులు. పైగా అరవకుండా, తీగలు పెద్దగా వేయకుండా వచ్చిపోయే మూగ ఎద బర్రెల్లో మామూలు. చూలు నిలవలేదన్న సంగతి రెండు నెలల తర్వాత తెలిస్తే రెండు మూడు ఎదలు పోయినట్టే. మేత ఖర్చు మాత్రం ఆగదు.

ఇప్పుడు 30 రోజులకే జవాబు చెప్పే అల్ట్రాసౌండ్ యంత్రం ముందు పశువుల కోసం పుట్టలేదు. దాని మూలం 1880లో పారిస్‌లో ఉంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు జాక్, పియర్ కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే అవే స్ఫటికాలు కంపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల జాడ పట్టడానికి పాల్ లాంజెవాన్ ఈ గుణాన్నే వాడుకుని, క్వార్ట్జ్ స్ఫటికంతో నీటిలోకి ధ్వనిని పంపి ప్రతిధ్వని విన్నాడు. తర్వాత ఉక్కులో కంటికి కనిపించని పగుళ్ళు వెతకడం దాని పని అయింది. 1955లో గ్లాస్గో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, కోసి తీసిన కణితులను కారు డిక్కీలో వేసుకుని ఒక బాయిలర్ల కర్మాగారానికి వెళ్ళాడు. పోల్చి చూసుకోవడానికి ఒక మాంసం ముక్కను కూడా పరీక్షకు పెట్టారు. ఉక్కును చూసే యంత్రం కండకూ కణితికీ తేడా చెప్పింది. ఇంజనీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికార్‌లతో కలిసి ఆయన రాసిన పత్రం 1958లో లాన్సెట్‌లో అచ్చయింది.

మన నేల మీదా ఈ ధ్వని మీద పని జరిగింది. కృష్ణా జిల్లాలో పుట్టిన సూరి భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అల్ట్రాసోనిక్స్ మీద పరిశోధన చేశారు. 1952 నుంచి 1957 దాకా ఉస్మానియాకు వైస్ ఛాన్స్‌లర్‌గా ఉన్నారు. ఆయన పరికరాలు చూసింది స్ఫటికాల లోపలిని, పశువుల కడుపును కాదు. అయినా ఈ కథ చెప్పేటప్పుడు ఆయన్ని తలుచుకోకుండా ముందుకు వెళ్ళబుద్ధి కాదు.

గొర్రె చూలును అల్ట్రాసౌండ్‌తో పట్టవచ్చని 1966లో అమెరికాలో లిండాల్ చూపించాడు. ఆనాటి తెర మీద బొమ్మ ఉండేది కాదు, ఎగిరిపడే గీతలే. కదిలే బొమ్మను ఎప్పటికప్పుడు చూపే యంత్రాలు వచ్చాక కథ మారింది. 1980లో ఫ్రాన్స్‌లో పామర్, డ్రియాంకూర్ గుర్రాల్లో మలద్వారం గుండా ప్రోబ్ పెట్టి గర్భసంచిని చూశారు. ఆవుకూ బర్రెకూ నేటికీ అదే దారి. ప్రోబ్‌లోని స్ఫటికం ధ్వనిని విసురుతుంది, వెంటనే చెవి ఒగ్గుతుంది. మెత్తని కండలో ధ్వని సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోతుంది. పది సెంటీమీటర్ల లోతు నుంచి ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టే కాలం సెకనులో దాదాపు 7,700వ వంతు. అంత వేగంగా పంపుతూ వింటూ ఉంటుంది కాబట్టే కదిలేది కదులుతున్నట్టే కనిపిస్తుంది.

1986లో విస్కాన్సిన్‌లో గింథర్ బృందం ఆవు చూలును 20వ రోజు నుంచి 60వ రోజు దాకా వరసగా చూసి రాసుకుంది. మొదట మినుకుమనే గుండె, 29వ రోజు ప్రాంతంలో ముందుకాళ్ళ మొగ్గలు, 45వ రోజు ప్రాంతంలో చీలిన గిట్టలు కనిపించాయి. పిండం మొదటిసారి కదలడం కనిపించిందీ ఆ రోజుల్లోనే. ఆ పట్టిక చదివిన ప్రతిసారీ నేను అక్కడే ఆగిపోతాను. ఆవుకు ఆవుతనం ఇచ్చే గిట్ట చీలడం, ఆ కాలు ఆడడం దాదాపు ఒకేసారి కంటపడతాయి. ఈనడానికి ఇంకా ఏడు నెలలు పైన ఉంటుంది.

ఈ కదలిక కోసం పూర్వం పడ్డ పాట్లు వేరు. 1880లలో విల్హెల్మ్ ప్రేయర్ కోడిగుడ్లలో పిండాల కదలికలను గమనించాడు. 1930లలో కేంబ్రిడ్జిలో బార్‌క్రాఫ్ట్, మత్తిచ్చిన గొర్రె కడుపు తెరిచి చూశాడు. తెరిచి చూసిన కడుపులోని కదలిక మామూలు కదలికేనా అన్న సందేహం ఎలా తీరుతుంది? కోత లేకుండా చూపినందుకే ఈ యంత్రం మీద నాకంత గౌరవం.

ఇంతకీ పిండాన్ని కదిలించేది ఏమిటి? 1966లో హాంబర్గర్ బృందం కోడిపిల్ల పిండంలో, కాళ్ళ నుంచి వెన్నుపాముకు కబురు మోసే దారిని తెంచి చూసింది. అయినా కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. ఎవరూ తట్టకుండానే వెన్నుపాము తనంతట తాను ఆడిస్తోందన్నమాట. అదే ఏడాది డ్రాక్‌మన్, సోకోలాఫ్ కోడి పిండాలను కదలకుండా చేస్తే కీళ్ళు సరిగా ఏర్పడలేదు. ఒళ్ళు తయారయ్యాక కదులుతుందని మనం అనుకుంటాం. ఆ ఒళ్ళు తయారు కావడంలోనే కదలికకు పని ఉంది.

దీన్ని కళ్ళకు కట్టినది అమెరికాలోని యూటా రాష్ట్రంలో, లోగన్ పట్టణపు విషమొక్కల పరిశోధనశాల. అక్కడి పశ్చిమ మైదానాల్లో లూపిన్ మొక్కలు మేసిన ఆవులకు కాళ్ళు వంకరపోయిన దూడలు పుట్టేవి. 1980ల చివర్లో కిప్ పాంటర్ బృందం హెమ్లాక్, పొగాకు జాతి అడవి మొక్కల వంటివి మేపిన మేకలను అల్ట్రాసౌండ్‌తో చూసింది. ఆ మొక్కల్లోని విషం కడుపులోని పిల్లల కదలికను అణచేస్తోంది. 30 నుంచి 60 రోజుల మధ్య అలా కదలక ఉండిపోయిన పిల్లలు వంకర కాళ్ళతో, చీలిన అంగిలితో పుట్టాయి. అంగిలి రెండు రెక్కలూ వచ్చి కలుసుకునే వేళకు నాలుక కదిలి దారి ఇవ్వాలి. అది కదలకపోతే రెక్కలు కలవవు.

పెదవి గానీ అంగిలి గానీ చీలి పుడితే మనం ‘గ్రహణం మొర్రి’ అంటాం. గ్రహణం నాడు తల్లి బయటికి వచ్చిందని, ఏదో కోసిందని నింద వేస్తాం. మనుషుల్లో ఈ లోపానికి కారణాలు అనేకం, అన్నీ ఈ మేకల కథలాంటివి కావు. కానీ ఆ మేకల్లో కారణం తెర మీదే కనబడింది. ఆకాశంలోని నీడతో దానికి ఏ సంబంధమూ లేదు.

కదలిక పని ఒళ్ళు తయారీతోనే ఆగదు. 2022లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు మార్మోసెట్ అనే చిన్న కోతి కడుపులో పిల్ల ముఖాన్ని వారాల తరబడి అల్ట్రాసౌండ్‌తో చూశారు. పుట్టాక తల్లిని పిలిచేటప్పుడు నోరు ఎలా ఆడుతుందో, గొంతులో ధ్వని లేని ఆ రోజుల్లోనే నోరు అలా ఆడడం నేర్చుకుంటోంది.

డోంగ్లి లాంటి ఊళ్ళో ఎండపొడ పడి తెర మసకబారితే తల మీద తువాలు కప్పుకుని చూడాలి. ‘కట్టింది’ అని చెప్పడానికి కొద్ది క్షణాలు చాలు. నా కోరిక ఒక్కటే. చూలుకు 45 రోజులు దాటి ఉంటే, డాక్టరు గారు ప్రోబ్ వెంటనే తీయకుండా ఒక్క నిమిషం అలాగే పట్టుకోవాలి. ఆ తువాలు కిందికి రైతును కూడా పిలవాలి.