సూదిమందు – చెవిలోని త్రాసు

చీకటివేళ పొలము గట్టుపై నడచునపుడు మీరు పడకుండుటకు కారణము కన్నులు మాత్రమే కాదు. లోపలి చెవిలో, వినికిడి భాగమునకు ప్రక్కనే, శరీరము ఎటు ఒరుగుచున్నదో మెదడునకు తెలుపు చిన్న అవయవము కలదు. స్ట్రెప్టోమైసిన్ జాతి సూదిమందులు ఒక్కొక్కప్పుడు దీనిని శాశ్వతముగా పాడుచేయును. వ్యవసాయము చెప్పువారికి ఈ సంగతితో పనియేమని మీరు అడుగవచ్చును. ఈ మందు పుట్టినది వ్యవసాయ కళాశాలలోనే.

1943లో అమెరికాలోని రట్గర్స్ విద్యాలయమున, వాక్స్‌మన్ ఆచార్యుని వద్ద పనిచేయుచుండిన ఆల్బర్ట్ షాట్జ్ దీనిని కనుగొనెను. ఎరువు బాగుగా వేసిన నేలనుండి ఒకటి, కోడి గొంతునుండి ఒకటి, ఇట్లు రెండు సూక్ష్మజీవులు అతనికి లభించినవి. తొలకరికి నేలనుండి వచ్చు కమ్మని వాసన ఈ తెగ జీవుల వలననే కలుగును. అంతవరకు సరియైన మందులేని క్షయ దీనితో లొంగినది.

అయితే కొలది ఏండ్లలోనే కొందరు రోగులు తూలసాగిరి. మందును కొంత మార్చి డైహైడ్రోస్ట్రెప్టోమైసిన్ చేసిరి. తూలుట తగ్గినది గాని వినికిడి పోవుట మొదలైనది. మనుష్యులకు దానిని మానిరి. ఈ మందువలన తూనిక కోల్పోయిన అమెరికా వైద్యుడొకడు 1952లో తన అనుభవమును ప్రకటించెను. తల కదలకుండ మంచపు కమ్ముల నడుమ అదిమిపెట్టుకొననిదే అతడు పుస్తకము చదువలేకపోయెను. నాడి కొట్టుకొనిన కొలది అక్షరములు ఎగిరెడివి!

లోపలి చెవిలో సన్నని నూగువంటి కొసలుగల కణములున్నవి. మందు వీనిలో చేరి చంపును. కోడికి ఈ కణములు తిరిగి మొలచును; మనకు ఆ భాగ్యము లేదు. మందు శరీరమునుండి వెడలునది మూత్రపిండముల ద్వారా. అవి బలహీనమైన చోట మందు నిలిచి హాని హెచ్చును. కావున వృద్ధులు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానమువలె మూత్రపిండ వ్యాధి హెచ్చుగా గల ప్రాంతములవారు, గర్భిణులు, ఈ సంగతిని సూదికి ముందే వైద్యునికి చెప్పవలెను. తల్లివైపు బంధువులలో ఎవరికైన ఇట్టి సూదివలన చెవుడు వచ్చియుండినచో అదియు చెప్పవలెను. ఆ లోపము తల్లినుండి బిడ్డలకు సంక్రమించును.

స్ట్రెప్టోమైసిన్ వాడకము నేడు తగ్గినది. జెంటామైసిన్, అమికాసిన్ ఇదే జాతివి. అవి నేటికిని ప్రాణములు కాపాడుచున్నవి. అన్ని సూక్ష్మజీవి నాశక మందులును ఇట్టివని భయపడవద్దు. పెన్సిలిన్ ఈ జాతి కాదు. మాత్రతో పోవు జబ్బుకు కూడ సూదియే కావలెనని పట్టుబట్టుట మాత్రము మనవారికున్న చెడ్డ అలవాటు.

సూదులు వేయించుకొను రోజులలో, ఆ తరువాత కొన్ని వారములు కూడ, చెవిలో హోరు పుట్టినను, నడచుచుండగా ఎదుటి చెట్టు ఎగిరినట్లు తోచినను, కన్నులు మూసి ముఖము కడుగునపుడు తూలినను, ఆనాడే వైద్యునికి తెలుపుడు. వెలుతురులో కన్నులు లోపమును కప్పిపుచ్చును; చీకటిలోనే అది బయటపడును. క్షయమందులు మీయంతట మీరు మానవద్దు. మార్చుటయో, మోతాదు తగ్గించుటయో వైద్యుడు నిర్ణయించును.

ఇంకొక మాట. పశువులకు తెచ్చిన పెన్సిలిన్–స్ట్రెప్టోమైసిన్ సీసాలో మందు మిగిలినచో ఇంటిలో దాచి, జ్వరము వచ్చినవారికి వేయింపవద్దు. పశువైద్యునికే తిరిగి ఇచ్చివేయుడు.