డీజిల్ ఇంజను: ఫ్యూయల్ పంపు దోషములను కనుగొను విధము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఒకప్పుడు బావులపై పనిచేసిన ఆయిలింజనులు నేడు చాల వరకు మూలబడినవి. సిరిసిల్లలో 1970వ సంవత్సరమున సహకార విద్యుత్ సరఫరా సంఘము ఏర్పడుటయు, 2018 జనవరి 1 నుండి రాష్ట్రమున సేద్యమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఆరంభమగుటయు ఇందుకు ముఖ్య కారణములు. అయినను డీజిల్ ఇంజను మనలను విడిచిపోలేదు. దున్నుటకు ట్రాక్టరు, వరి కోయుటకు హార్వెస్టరు, కాలువ నీరు ఎత్తిపోయుటకు పంపుసెట్టు దానిపైననే ఆధారపడియున్నవి. పంట పండి, మబ్బు కమ్మిన దినమున ఇంజను నిలిచిన ఎడల కలుగు నష్టము రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంజను నిలిచినంతనే “పంపు పోయినది” అనుట వాడుక. పంపును విప్పి పట్టణమునకు కొనిపోయి, వేలకొలది రూపాయలు వ్యయపరచిన పిమ్మట దోషము ఫిల్టరులో నుండెనని తెలియుట కలదు. కావున పంపును ముట్టుటకు ముందు క్రమముగా చూడవలసిన సంగతులను తెలుపుచున్నాము.

పంపు చేయు పని

టాంకులోని డీజిల్ ఫిల్టరు గుండ పంపునకు వచ్చును. పంపులోని ప్లంజరు దానిని మిక్కిలి వత్తిడితో నాజిల్‌నకు పంపగా, నాజిల్ దానిని మంచువలె చిమ్మును. ప్లంజరునకును దాని గొట్టమునకును నడుమ నుండు సందు తలవెంట్రుక మందములో పదియవ వంతు కూడ నుండదు. దానికి కందెన డీజిలే. కావుననే నీరు, దుమ్ము, కిరోసిన్ కల్తీ పంపునకు పరమ శత్రువులు.

మొదట చూడవలసినవి

ఆపు మీట నడుచు స్థితిలో నున్నదా? టాంకు కాక్ తెరచియున్నదా? టాంకు మూతకు గల సన్నని రంధ్రము పూడిన ఎడల ఇంజను కొంతసేపు నడచి ఆగిపోవును. మూత వదులు చేసినంతనే మరల నడచును. ఇది పంపు దోషము కాదు.

తరువాత పొగను చూడుడు. ఇంజను త్రిప్పునపుడు పొగ యేమియు రానిచో డీజిల్ సిలిండరునకు చేరుట లేదని తెలియవలెను. తెల్లని పొగ వచ్చిన ఎడల డీజిల్ చేరుచున్నది గాని మండుట లేదు. నల్లని పొగకు ఎయిర్ క్లీనరు పూడుట, అధిక భారము, నాజిల్ కారుట కారణములు. నీలి పొగ ఇంజను ఆయిల్ మండుటవలన వచ్చును. దానికి పంపును నిందింపరాదు.

గాలి పట్టుట

ఫిల్టరు అడుగున చేరిన నీటిని తీసి, గడువు మీరిన ఫిల్టరును మార్చవలెను. పిమ్మట ఫిల్టరు మీది గాలి స్క్రూను వదులు చేసి, చేతి పంపును కొట్టుచు బుడగలు పోవు వరకు డీజిల్‌ను విడిచి, బిగింపవలెను. అట్లే పంపు వద్దను చేయవలెను. బుడగలు ఎంతకును ఆగనిచో గొట్టము పగులో, వాషరు అరుగుటో కలదు. డీజిల్‌ను పీల్చు వైపున నున్న పగులు బయటికి కారదు, లోనికి గాలిని లాగును. అందుచేత తడి కానరాలేదని మోసపోరాదు.

పంపా, నాజిలా?

పాత పద్ధతి ఇంజనులో నాజిల్ వద్ద గొట్టపు నట్టును అరచుట్టు వదులు చేసి, గుడ్డ కప్పి, ఇంజనును త్రిప్పవలెను. డీజిల్ ఉండి ఉండి ఎగయుచున్న ఎడల పంపు దానిని పంపుచున్నదని గ్రహించి నాజిల్‌ను పరీక్షింపవలెను. పంపు వరకు డీజిల్ వచ్చుచుండియు ఇచట ఎగయనిచో దోషము పంపులోనిదే. ఒక సిలిండరు మాత్రమే పని చేయనపుడు దాని నాజిల్‌ను ప్రక్కదానితో మార్చి చూడుడు. దోషము నాజిల్ వెంట పోయిన ఎడల నాజిల్‌దే. అచటనే నిలిచిన ఎడల పంపునో, ఆ సిలిండరునో శంకింపవలెను.

చల్లగా నున్నపుడు సులువుగా మొదలై, వేడెక్కి ఆపిన పిమ్మట మొదలు కాకుండుట అరిగిన ప్లంజరునకు గురుతు. వేడి డీజిల్ పలుచనై ఆ సందున జారిపోవుటయే కారణము. ఇంజను ఆయిల్ మట్టము పెరిగి డీజిల్ వాసన కొట్టుటయు చెడు గురుతే.

జాగ్రత్తలు

2023 జనవరి నుండి 50 అశ్వశక్తులకు మించిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు అమలగుటతో కామన్ రెయిల్ ఇంజనులు వచ్చినవి. వాని వత్తిడి పాతవానికంటె అనేక రెట్లు అధికము. అట్టి ఇంజనులో గొట్టపు నట్టును ఎన్నడును వదులు చేయరాదు. ఏ ఇంజనులోనైనను చిమ్ము డీజిల్‌కు చేయి అడ్డుపెట్టరాదు. అది చర్మమును చీల్చి లోనికి పోవును. పైకి సూది పోటంత గాయమే కానవచ్చినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆలస్యమైనచో చేతినే కోల్పోవచ్చును.

పంపు సీలును పొలములో విప్పరాదు. పరీక్ష బల్ల గల దుకాణముననే చూపించి, మార్చిన పాత భాగములను అడిగి తీసికొనవలెను.

డ్రమ్ములోని డీజిల్‌ను ఒక దినము కదలనీయక, అడుగుది వదలి, వడగట్టి పోయుడు. సాయంకాలమున టాంకు నింపియుంచిన ఎడల రాత్రి చెమ్మ లోపల చేరదు. మన సంఘములు కోతలకు ముందు ఫిల్టరులను, వాషరులను టోకుగా తెప్పించి సభ్యులకు అందజేసిన ఎడల, స్వల్ప వ్యయముతో గొప్ప నష్టము తప్పును.