మా డిగ్రీ క్లాసు వాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారంటే

మన కాలనీల్లో పెళ్లికో, మజ్జిగౌరమ్మ గుడి దగ్గరో నలుగురు కలిస్తే మొదట అడిగేది పిల్లల సంగతే. "మీ వాడు ఇప్పుడు ఎక్కడున్నాడు? ఉద్యోగమేటి?" అని. మా డిగ్రీ క్లాసు వాళ్ల కబుర్లు కూడా అలాంటివే. కాకపోతే వాటిలో మన పిల్లలకు పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. అందుకే రాస్తున్నాను.

మేం రాయగడలో డిగ్రీ పూర్తి చేసింది 1991లో. పరీక్షలు బరంపురం యూనివర్సిటీవి. అప్పటికి రాయగడ ఇంకా జిల్లా కాలేదు. 1992 అక్టోబర్ 2న కోరాపుట్ నుంచి విడిపోయింది. క్లాసులో తెలుగు వాళ్లం పదకొండు మందిమి, అందులో ఆడపిల్లలం నలుగురం. ఎక్కువమంది నాన్నలు జేకేపూర్ కాగితం మిల్లులోనే చేసేవారు. 1962లో మిల్లు వచ్చాక పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసర్ల దగ్గర హిందీ. అలాగే పెరిగాం.

ఇప్పుడు అందరికీ యాభై దాటాయి. ఇద్దరు నాన్నల మిల్లులోనే ఉన్నారు. ఒకడు సునాబేడలో, విమానాల ఇంజన్లు చేసే హెచ్.ఏ.ఎల్.లో. ఇంకొకడు దామన్‌జోడి నాల్కోలో. రైల్వేలో చేరినవాడు వాల్తేరు డివిజన్‌లో తిరిగి తిరిగి అలిసిపోయాడు. 2025 జనవరిలో రాయగడ డివిజన్‌కి శంకుస్థాపన జరిగినప్పుడు మా అందరికంటే వాడే ఎక్కువ సంతోషించాడు. "రిటైరయ్యేలోగా అమ్మ దగ్గరికి వచ్చేస్తానే" అన్నాడు నాతో.

ఆడవాళ్లలో ఒకామె జయపురంలో టీచరు. వాళ్లబ్బాయి విక్రమదేవ్ కాలేజీలోనే చదివాడు. ఆ పేరున్న విక్రమదేవ వర్మ మహారాజు జయపురం సంస్థానాన్ని ఏలినవారు. తెలుగులో కవి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చినవారు. అటు విశాఖ చదువుకీ ఇటు జయపురం చదువుకీ ఆయన పేరే ఉంది. మనం కూడా రెండు వైపులా చెందినవాళ్లమే కదా అంటుంది మా టీచరమ్మ.

క్లాసులో ఫస్టు వచ్చే పిల్లకి ఫైనలియర్‌లోనే పెళ్లి చేసేశారు. బొబ్బిలిలో మిషను కుడుతూ కూతుర్ని నర్సింగ్ చదివించింది. ఆ అమ్మాయి ఇప్పుడు విశాఖలో ఉద్యోగం చేస్తోంది. మొదటి జీతం వచ్చిన రోజు తల్లి నాకు ఫోన్ చేసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంకొకడి సంగతి తప్పకుండా చెప్పాలి. వాడు పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఒడియా గడగడా మాట్లాడేవాడు గానీ అక్షరం రాదు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా ఒక సబ్జెక్టుగా ఏడో తరగతి స్థాయి పాసై ఉండాలి, లేకపోతే ఆ స్థాయి ఒడియా పరీక్ష రాసి నెగ్గాలి. దరఖాస్తు చేతికి వచ్చాక గానీ వాడికి ఈ సంగతి తెలీలేదు. అప్పటికి వయసు ఇరవై ఆరు. పక్కింటి స్కూలు కుర్రాడి దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దాడు. అందరూ నవ్వారు. ఏడాది తిరక్కుండా పాసయ్యాడు. ఇప్పుడు బ్లాక్ ఆఫీసులో పెద్ద గుమస్తా.

పదకొండు మందిలో ఒకడు మాత్రం లేడు. నాలుగేళ్ల క్రితం జబ్బు చేసి పోయాడు. భార్య ఇడ్లీలు వేసి అమ్ముతూ ఇల్లు లాగుతోంది. కూతురు ప్లస్ టూ పాసై ఇంజనీరింగ్ అంది. మేనమామ "ఆంధ్రా వచ్చేయండి, అక్కడ చేర్పిద్దాం" అన్నాడు. కానీ అక్కడ లోకల్ అనిపించుకోవాలంటే మామూలుగా చివరి నాలుగేళ్లూ వరసగా అక్కడే చదివి ఉండాలి. ఈ పిల్ల చదువంతా రాయగడలోనే. తల్లిదండ్రుల్లో ఒకరు ఆంధ్రాలో పదేళ్లు ఉన్నట్టు కాగితం తెస్తే మిగతా పదిహేను శాతం సీట్లకి పోటీ పడొచ్చు. తల్లి పుట్టి పెరిగింది పార్వతీపురమే. కానీ ఆ కాగితం కోసం తిరగడానికి ఆమెకి దుకాణం మూసే వీల్లేదు.

బ్లాక్ ఆఫీసు వాడు కూర్చుని లెక్క వేశాడు. "వదినా, పిల్ల జేఈఈ మెయిన్ రాసింది కదా. ఇక్కడి రెసిడెన్స్ సర్టిఫికెట్ తీద్దాం. ఒడిశా కౌన్సెలింగ్‌లోనే పెడదాం" అన్నాడు. బరంపురంలో పర్లా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీలో సీటొచ్చింది. ప్రభుత్వ కాలేజీ. మొదటి ఏడాది ఫీజు, హాస్టలు మేం పదిమందీ వేసుకున్నాం. ఆమె ఊరికే తీసుకోనంది. "అప్పుగా అయితేనే" అని నోటుపుస్తకంలో పది పేర్లూ రాసుకుంది. ఈ దసరాకి నా పేరు పక్కన ఐదు వందలు జమ వేసి చూపించింది. నేను వద్దనలేదు. అది ఆమె మర్యాద.

అక్కలూ, అన్నలూ, ఇంట్లో ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లలుంటే ఇప్పుడే పెట్టె తీసి మూడు కాగితాలు చూసుకోండి. ఒడియా పాసైన సర్టిఫికెట్టు, రెసిడెన్స్ సర్టిఫికెట్టు, ఏ తరగతి ఏ ఊళ్లో చదివారో చెప్పే స్టడీ సర్టిఫికెట్లు. తెలుగు బడిలో చదివే పిల్లలకి ఒడియా అక్షరాలు కూడా నేర్పించండి. ఒడియా బడిలో చదివేవాళ్లకి ఇంట్లో తెలుగు చదవడం నేర్పండి. రెండూ వచ్చిన పిల్లకి రెండు దారులుంటాయి.

క్వార్టర్ ఖాళీ చేసి వెళ్లిపోతే పాత స్నేహాలు చెదిరిపోతాయి. మీ క్లాసు వాళ్ల ఫోన్ నంబర్లు ఒకచోట రాసి పెట్టుకోండి. అందులో ఒకరికి దరఖాస్తు నింపడం తెలుస్తుంది, ఒకరికి ఆఫీసు తెలుస్తుంది, ఒకరి దగ్గర ఆ నెల ఐదు వేలు ఉంటాయి. ఆ పిల్ల ఇప్పుడు రెండో ఏడాది. మూడో ఏడాది ఫీజుకి మా వాళ్లు అప్పుడే లెక్క మొదలెట్టారు.