బీరువాలో తూటాలు: ఎన్ని ఉండొచ్చు, ఎవరి దగ్గర?

2020లో, కరోనా కాలంలో, అమెరికాలో తూటాలకు కరువొచ్చింది. పేల్చిన తూటా గొట్టాల్లో మళ్లీ మందూ గుండూ నింపుకునే ‘రీలోడింగ్’ సామాను కూడా దొరకలేదు. ముఖ్యంగా అడుగున నిప్పు రాజేసే చిన్న క్యాపులు. అందుకే అక్కడ చాలామంది దొరికినప్పుడే పెట్టెలకొద్దీ కొని ఉంచుకుంటారు. టెక్సస్‌లో ఉన్న పిల్లలు ఈ కబుర్లు చెబుతుంటే, తాతల నాటి జంట గొట్టాల తుపాకీకి ఇంకా లైసెన్సు ఉన్న చెన్నై ఇళ్లలోనూ మనమూ నాలుగు పెట్టెలు కొనుంచుకుందామా అనిపిస్తుంది.

ఇక్కడ ఆ నిర్ణయం మనది కాదు. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో, ఒకేసారి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చో లైసెన్సులోనే రెండు అంకెలు వేసి ఉంటాయి. చాలామంది మొదటిదే చూస్తారు. కిందటేడు కొన్నవి మిగిలి ఉండగా ఈ ఏటి వాటా మొత్తం కొంటే, తెలియకుండానే రెండో అంకె దాటిపోవచ్చు. పోటీల్లో పాల్గొనే షూటర్ల కోటా వేరు, ఆ లెక్క మనకు పనికిరాదు.

రీలోడింగ్ ఇంకా ప్రమాదం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటా భాగాలూ, తూటాలు చేసే యంత్రాలూ మందుగుండు కిందికే వస్తాయి. అబ్బాయి సరదాగా తెచ్చిన చేతి ప్రెస్సు మనకు పనిముట్టే కావచ్చు, చట్టానికి కాదు. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే, 2019 సవరణ తర్వాత, కనీస శిక్ష 7 ఏళ్లు, గరిష్ఠం యావజ్జీవం. సూట్‌కేసు మూల మరిచిపోయిన ఒక్క తూటా విమానాశ్రయంలో బయటపడినా కేసు పెట్టొచ్చు. తెలిసి ఉంచుకున్నాడా లేదా అని కోర్టులు చూస్తాయి, నిజమే. అది తేలేలోపు సెలవు కాస్తా అయిపోతుంది.

అసలు చిక్కు లైసెన్సుదారు పోయాక మొదలవుతుంది. తుపాకీ అప్పగించాలని ఇంట్లోవాళ్లకు గుర్తుంటుంది. బీరువా అడుగున గుడ్డలో చుట్టిన తూటాలు గుర్తుండవు. లైసెన్సు లేనివారి దగ్గర అవి దొరికితే 2 నుంచి 5 ఏళ్ల జైలు. కనబడగానే దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో గానీ అప్పగించి రసీదు తీసుకోండి. చెన్నై ఉప్పుగాలికి ఇత్తడి పచ్చబారి, అట్ట గొట్టం ఉబ్బిన తూటాలను పేల్చి చూడటం, విప్పి చూడటం వద్దు. కూవంలో పారేయడం అసలే వద్దు!

పెద్దాయన ఉండగానే దారి ఉంది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ 25 ఏళ్లుగా తన దగ్గర ఉన్నా, వారసుడి పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. నగరంలో ఆ అధికారం పోలీసు కమిషనర్‌ది. వారసుడికి ఇప్పటికే రెండు తుపాకులుంటే మాత్రం కుదరదు. 2019 నుంచి ఒకరికి రెండే, వారసత్వంగా వచ్చినవి కూడా అందులోనే లెక్క.