ఆటలో ఉన్న చదువు

పిల్లల కేంద్రానికి వచ్చిన పెద్దలు మమ్మల్ని తరచుగా అడిగేది, “ఏబీసీడీలు వచ్చాయా?” అని. అడగడంలో తప్పులేదు. అయితే మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం అంతకు ముందే చూడవలసినవి ఉన్నాయంటుంది. బిడ్డ తన మనసులో మాట చెప్పగలుగుతోందా? తోటివారితో కలుస్తోందా? చేతివేళ్లకు పట్టు వచ్చిందా?

దినచర్య అంతా వీటిని బట్టే సాగుతుంది. కథ వింటే భాష వస్తుంది. చింతగింజలు ఐదేసి కుప్పలు పోస్తే లెక్క తెలుస్తుంది. మట్టి పిసికితే రేపు పెన్సిల్ పట్టే వేళ్లకు బలం. అన్నానికి ముందు వరుసలో నిలబడి చేతులు కడుక్కుంటే శుభ్రతతోపాటు ఓర్పు అలవడుతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డకు ఆ భాషలోనే మొదలుపెట్టి, తెలుగునూ ఇంగ్లీషునూ మెల్లగా చేర్చాలి.

ఆరేళ్లలోపు వారికి పాఠ్యపుస్తకాలు, పరీక్షలు వద్దంటుంది ఈ చట్రం. టీచరే ప్రతి బిడ్డనూ గమనించి రాసుకోవాలి. అందుకు ఆమెకు శిక్షణ కావాలి, తీరిక కావాలి.

పలకలు, బ్యాగులు ఇస్తున్న దాతలకు మా కృతజ్ఞతలు. కథల పుస్తకాలకు, చెక్క దిమ్మెలకు, టీచరు శిక్షణకు ఇచ్చే రూపాయి కూడా చదువుకు ఇచ్చినదే. ఈసారి వచ్చినప్పుడు పిల్లలు ఆడుకుంటూ కనిపిస్తే, దయచేసి కాసేపు కూర్చుని చూడండి.