లాగ్ ఫైల్ ఎక్కడ పడాలి? మనం చెప్పిన చోట!

మాది బెల్లంపల్లి, సింగరేణి ఊరు. బాయిలకు దిగే ప్రతి మనిషికీ ముందు మస్టర్ పడాలి. ఆ రికార్డు పైన ఆఫీసులో ఉంటది. లోపల ఏమన్నా అయితే ఎవరెవరు దిగారో పైనున్నవాళ్లకు వెంటనే తెలియాలి కదా! రికార్డు రాస్తే సరిపోదు, అవసరానికి దొరకాలి. డేటాబేస్ లాగ్‌లకూ ఇదే రూల్.

యూనిక్స్ సర్వర్ మీద ఒరాకిల్‌నే తీసుకుందాం. కనెక్షన్ ఫెయిలైతే క్లయింట్ ఆ ఎర్రర్‌ను ‘ఎస్‌క్యూఎల్‌నెట్ డాట్ లాగ్’లో రాస్తుంది. పాత వెర్షన్లలో ఈ ఫైల్, ప్రోగ్రాం ఏ డైరెక్టరీలోంచి రన్ చేస్తే అక్కడే పడుతుంది. నలుగురు నాలుగు ఫోల్డర్లలోంచి రన్ చేస్తే నాలుగు ఫైళ్లు! ఆ ఫోల్డర్‌లో రాసే పర్మిషన్ లేకపోతే అసలు ఫైలే ఉండదు.

దీన్ని ఒకచోట పెట్టాలంటే ‘ఎస్‌క్యూఎల్‌నెట్ డాట్ ఓరా’ ఫైల్ తెరవాలి. మామూలుగా అది ఒరాకిల్ హోమ్ లోపల నెట్‌వర్క్, అందులో అడ్మిన్ ఫోల్డర్‌లో ఉంటుంది. టీఎన్ఎస్ అడ్మిన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ సెట్ చేసి ఉంటే అది చూపించే చోట వెతకాలి. ఫైల్లో ‘లాగ్ డైరెక్టరీ క్లయింట్’ అనే పారామీటర్‌కు మనకు కావలసిన పాత్ ఇవ్వాలి. పదాల మధ్య అండర్‌స్కోర్ మర్చిపోవద్దు. ఆ డైరెక్టరీ ముందే ఉండాలి, ప్రోగ్రాం నడిపే యూజర్‌కు అందులో రాసే పర్మిషన్ కూడా ఉండాలి.

11జీ నుంచి ఒక మెలిక ఉంది. ఏడీఆర్ అనే కొత్త పద్ధతి డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నంతసేపు పై పారామీటర్‌ను ఒరాకిల్ పట్టించుకోదు. అప్పుడు ‘ఏడీఆర్ బేస్’కు పాత్ ఇవ్వాలి, లేదంటే ‘డయాగ్ ఏడీఆర్ ఎనేబుల్డ్’ను ఆఫ్ చేయాలి.

సర్వర్ వైపు లిజనర్‌కు వేరే లాగ్ ఉంటుంది. అదెక్కడుందో ‘ఎల్ఎస్ఎన్ఆర్‌సీటీఎల్ స్టేటస్’ కమాండ్ చెప్తుంది. వచ్చిన ప్రతి రిక్వెస్ట్ అందులో పడుతుంది కాబట్టి ఫైల్ పెరుగుతూనే ఉంటుంది. డిస్క్ నిండిందని నేరుగా ‘ఆర్ఎం’ కొట్టకండి. లిజనర్ ఆ ఫైల్‌ను తెరిచి పట్టుకున్నంతసేపు యూనిక్స్ జాగా ఖాళీ చేయదు. ముందు లిజనర్ లాగింగ్ ఆపి, ఫైల్ పేరు మార్చి, మళ్లీ ఆన్ చేయాలి.

ఈ రెండు లాగ్‌లూ ఎక్కడున్నాయో తెలిస్తే కనెక్ట్ కానప్పుడు గుడ్డిగా వెతకక్కర్లేదు. లిజనర్ లాగ్‌లో మన ఎంట్రీ ఉంటే రిక్వెస్ట్ సర్వర్ దాకా పోయినట్టే, తప్పు అక్కడ వెతకాలి. లాగింగ్ ఆన్‌లో ఉండి కూడా ఎంట్రీ లేదంటే అది దారిలోనే ఆగింది. హోస్ట్ పేరు, పోర్ట్, నెట్‌వర్క్ చూడండి.